టైప్ 2 షుగర్ ఉన్న పిల్లల్ని ఇంట్లో ఎలా చూసుకోవాలి: ఒక అమ్మ రాసిన సమగ్ర మార్గదర్శి

మా అమ్మాయి మెడ వెనక నల్లటి చార కనిపించినప్పుడు నేను చేసిన మొదటి పని సున్నిపిండి కలపడం. ఆదివారం తలంటు రోజు పీట మీద కూర్చోబెట్టి, పెరుగు, సున్నిపిండి కలిపి మెడంతా రుద్దాను. "అమ్మా, మండుతోంది" అంటున్నా వదల్లేదు. చర్మం ఎర్రబడింది గానీ నలుపు పోలేదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు మెడ మీద, చంకల్లో చర్మం అలా మందంగా, ముఖమల్ గుడ్డలా నల్లబడుతుందని ఆరు నెలల తర్వాత డాక్టర్ చెబితే తెలిసింది. అప్పటికి దానికి పదమూడేళ్లు. పరగడుపున షుగర్ 168. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1.

మూడేళ్లయింది. ఆ రోజు చెప్పేవాళ్లు లేక నేను తడుముకున్నవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. మందుల మోతాదులు మీ డాక్టరే చెప్పాలి. ఇంట్లో చేయాల్సిన పని మాత్రం చాలా ఉంది.

1. ముందు ఏ రకమో తేల్చుకోండి

పిల్లలకు షుగర్ అనగానే కొందరు టైప్ 1 అనుకుంటారు, పిల్ల కాస్త బొద్దుగా ఉంటే టైప్ 2 అనేస్తారు. రెండూ తొందరపాటే. పరగడుపున 126 లేదా అంతకంటే ఎక్కువ, గ్లూకోజ్ తాగించిన రెండు గంటలకు 200 లేదా ఎక్కువ, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఎక్కువ ఉంటే డయాబెటిస్ అంటారు. లక్షణాలేవీ లేకపోతే ఒక్క రిపోర్టుతో తేల్చకుండా మళ్లీ పరీక్ష చేస్తారు.

ఆ తర్వాత మీరు నోరు తెరిచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "యాంటీబాడీ పరీక్ష, ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సి-పెప్టైడ్ పరీక్ష చేయిస్తారా?" టైప్ 1లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరమే దెబ్బతీస్తుంది, ఆ గుర్తులు యాంటీబాడీల పరీక్షలో సాధారణంగా బయటపడతాయి. టైప్ 2లో ఇన్సులిన్ ఉంటుంది కానీ ఒళ్లు దాని మాట వినదు. టైప్ 1 ఉన్న బిడ్డకు మాత్రలు మాత్రమే ఇస్తూ కూర్చుంటే ప్రాణం మీదకొస్తుంది. అందుకే ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. వీలైతే పిల్లల ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టర్‌కు చూపించండి. దూరమైతే మూడు నెలలకోసారి అక్కడికి వెళ్లి, మధ్యలో మీ ఊళ్లోని పిల్లల డాక్టర్ దగ్గర చూపించుకోవచ్చు.

టైప్ 2 ఎక్కువగా పదేళ్లు దాటాక, ఎదిగే వయసులో బయటపడుతుంది. ఆ వయసు హార్మోన్లే ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. దానికి తోడు ఇంట్లో షుగర్ ఉండటం, అమ్మకు కడుపుతో ఉన్నప్పుడు షుగర్ రావడం, నడుము చుట్టూ కొవ్వు చేరడం కూడా ఉంటాయి. మా ఇంట్లో ఇవన్నీ ఉన్నాయి. నా బిడ్డ చాక్లెట్లు తిన్నందుకే వచ్చిందని ఎవరైనా అంటే ఇప్పుడు నేను ఊరుకోను.

పెద్దవాళ్ల షుగర్ కంటే పిల్లల టైప్ 2 దూకుడుగా ఉంటుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆలస్యం చేయొద్దని చెబుతున్నాను. అమెరికాలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలతో చేసిన 'టుడే' పరిశోధన ఫలితాలు 2012లో వచ్చాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక్కటే వాడిన పిల్లల్లో సగం మందికి షుగర్ అదుపులో నిలవలేదు. అదే పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2021లో మరో నివేదిక ఇచ్చారు. వాళ్లకు సగటున 26 ఏళ్లు వచ్చేసరికి 60 శాతం మందికి కళ్లలోనో, కిడ్నీల్లోనో, నరాల్లోనో ఏదో ఒక ఇబ్బంది మొదలైంది. "చిన్నపిల్లే కదా, పెద్దయ్యాక చూద్దాం" అనే మాట ఈ జబ్బు దగ్గర పనికిరాదు.

2. ఇంట్లో మాట్లాడే తీరు మార్చండి

రిపోర్టు వచ్చిన రాత్రి మా అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆడపిల్ల, రేపు పెళ్లి చేయాల్సింది, ఎవరితోనూ అనకు" అంది. ప్రేమతోనే అంది. కానీ ఆ మాట మా అమ్మాయి చెవిన పడింది. నెల రోజులు అది ఎవరి ముందూ మాత్ర వేసుకోలేదు. కొన్ని మాత్రలు కిటికీ బయట పూలకుండీలో దొరికాయి.

జబ్బును దాచితే పిల్ల మందును దాస్తుంది. ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, పిల్ల ముందే విషయం మామూలుగా చెప్పండి. నాయనమ్మకు, తాతయ్యకు కూడా ఉంటే అది ఒక రకంగా మేలే. మా ఇంట్లో ఇప్పుడు నాయనమ్మ, మనవరాలు పొద్దున్నే పక్కపక్కన కూర్చుని వేళ్లు గుచ్చుకుంటారు. "నీకెంత?" అంటే "నీకెంత?" అనుకుంటారు.

"తిండిపోతు", "ఇంత లావుంటే రాక ఏమవుతుంది" లాంటి మాటలు చుట్టాల నోట వస్తే అక్కడే ఆపండి. నంబర్ ఎక్కువ వచ్చినప్పుడు "ఏం తిన్నావు?" అని నిలదీయకండి. ఆ ప్రశ్న రెండుసార్లు విన్న పిల్ల మూడోసారి అబద్ధపు నంబర్ చెబుతుంది. "సరే, 210 వచ్చింది, నీళ్లు తాగి కాసేపు నడుద్దామా?" అంటే చాలు.

3. వంటగది అందరికీ ఒకటే కావాలి

మొదటి నెల నేను చేసిన పెద్ద తప్పు విడి వంట. మాకు అన్నం, ఆవకాయ, నెయ్యి. దానికి విడిగా గిన్నెలో కొర్రన్నం. తమ్ముడు బజ్జీలు తింటుంటే అక్క కీరా ముక్కలు తినాలి! ఏ పిల్లయినా ఎన్నాళ్లు భరిస్తుంది? పదిహేను రోజులకు అలమారలో బిస్కెట్ కవర్లు దొరికాయి. అప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకటే వంట అని తీర్మానించుకున్నాం. మా ఆయనకు ఆరు కిలోలు తగ్గింది.

పని తాగేవాటితో మొదలుపెట్టండి, అన్నింట్లోకీ తేలికైనదీ త్వరగా ఫలితం ఇచ్చేదీ అదే. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు టీస్పూన్లు. సీసాల్లో, ప్యాకెట్లలో వచ్చే పండ్లరసాలూ అంతే. పాలల్లో కలిపే 'బలం పొడుల' డబ్బా వెనక చక్కెర ఎంతో చదవండి, చాలావాటిలో గణనీయంగానే ఉంటుంది. వీటిని ఇంటికి తేవడం మానేయండి. ఫ్రిజ్‌లో పెట్టి తాగొద్దని చెప్పడం కంటే తేకపోవడమే పిల్ల మీద దయ. నీళ్లు, పలచటి మజ్జిగ, చక్కెర లేని పాలు చాలు.

ఇక కంచం. మనకు కంచమంటే మధ్యలో అన్నం గుట్ట, అంచున కూర. దాన్ని తిరగేయాలి. కంచంలో సగం కూరలు: దొండకాయ, బీరకాయ, బెండకాయ, వంకాయ, ఆకుకూరలు ఏవైనా. పావు భాగం పప్పు, గుడ్డు, చేప, చికెన్, సెనగలు లాంటివి. మిగిలిన పావు అన్నం లేదా రొట్టె. బంగాళదుంప, చేమదుంప, కంద కూరల లెక్కలోకి రావు, అన్నం లెక్కలోకి వస్తాయి. మా ఇంట్లో కొలత ఒక స్టీలు గరిటె. ఇంతకుముందు మా అమ్మాయికి మూడు గరిటెల అన్నం వేసేదాన్ని, ఇప్పుడు గరిటెన్నర. తగ్గించిన చోట కూర రెట్టింపు చేశాను. కడుపు మాడ్చకుండా అన్నం తగ్గించాలంటే ఇదే దారి. ముందు కూర, పప్పు కాస్త తిని తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక షుగర్ ఎక్కువగా ఎగబాకదు. మొదట వింతగా అనిపిస్తుంది, వారంలో అలవాటైపోతుంది.

సిరిధాన్యాల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది మోసపోతున్నారు. జొన్న, రాగి, సజ్జ మంచివే. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది. కానీ వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే వీటిలో 60 నుంచి 68 వరకు ఉంటుంది. అంటే అన్నం మానేసి నాలుగు జొన్న రొట్టెలు తింటే ఒరిగేదేమీ లేదు. వడగట్టిన రాగి జావ అయితే గటగటా దిగిపోతుంది, షుగర్ కూడా అంతే వేగంగా పెరుగుతుంది. ధాన్యం మార్చినా కొలత పాటించాల్సిందే.

టిఫిన్లలో పెసరట్టుకు నా ఓటు. ఉప్మా లేకుండా, అల్లం పచ్చడితో. ఇడ్లీలైతే రెండు, ముక్కలు ఎక్కువేసిన సాంబారుతో. కావాలంటే పక్కన ఉడికిన గుడ్డు. పూరీ, మైసూర్ బజ్జీ నెలకోసారి చాలు. స్కూలు నుంచి వచ్చాక ఆకలి దహించుకుపోతుంది, ప్యాకెట్లు చింపేది అప్పుడే. ఆ వేళకు గుగ్గిళ్లు, వేయించిన పల్లీలు గుప్పెడు, జామకాయ, మొలకలు సిద్ధంగా కళ్లెదుట పెట్టండి. పండ్లు మానక్కర్లేదు, రసం తీయకుండా పండుగా తినాలి. మామిడి రోజుల్లో చిన్న పండులో సగం, అదీ భోజనం పైన కాకుండా సాయంత్రం చిరుతిండికి బదులుగా.

పండగలు వస్తాయి. సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి బొబ్బట్లు వండకుండా ఉండలేం. మా పద్ధతి: వండుతాం, ఆ ఒక్క రోజుకే వండుతాం, డబ్బాలకెత్తం. మా అమ్మాయి ఒక బొబ్బట్టు అందరితో కూర్చుని తింటుంది, ఆ పూట అన్నం తగ్గించుకుంటుంది, సాయంత్రం మేడ మీద తమ్ముడితో ఆడుతుంది. బెల్లం, తేనె, తాటిబెల్లం చక్కెర కాదనుకోకండి. షుగర్ మిషన్‌కు ఆ తేడా తెలియదు.

బరువు విషయంలో ఎంత తగ్గాలో డాక్టర్‌ను అడగండి. ఎత్తు పెరిగే పిల్లలకు కొన్నిసార్లు బరువు పెరగకుండా నిలిస్తేనే సరిపోతుంది. పిల్లను రోజూ తూకం ఎక్కించకండి.

4. రోజుకు గంట ఒళ్లు కదలాలి

ఈ వయసు పిల్లలకు రోజుకు 60 నిమిషాలు చెమట పట్టే ఆట కావాలి. ఒకేసారి గంట దొరక్కపోతే ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు. తిన్నాక పది, పదిహేను నిమిషాల నడక షుగర్‌ను వెంటనే దించుతుంది, ఇది మీరే ముందు, తర్వాత వేలు గుచ్చి చూసుకోవచ్చు. ఏ ఆటో పిల్లనే ఎంచుకోనివ్వండి. మాది షటిల్, తాడాట, పాట పెట్టుకుని గదిలో డ్యాన్స్. ఎండాకాలం తెల్లవారుజామున గానీ, ఏడు దాటాక గానీ.

పదో తరగతి రాగానే ఆట మానిపించే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. పొద్దున ఆరింటికి ట్యూషన్, రాత్రి తొమ్మిదింటిదాకా స్టడీ అవర్స్. ఈ పిల్లలకు ఆట అవర్ కూడా మందే, మాత్ర ఎలా మానిపించరో అలాగే దాన్నీ మానిపించకూడదు. మేం ఒక ట్యూషన్ తీసేశాం. నిద్ర కూడా ఇందులో భాగమే. టీనేజ్ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. నిద్ర తగ్గితే ఆకలి, షుగర్ రెండూ పెరుగుతాయి. గురక పెడుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి.

5. షుగర్ మిషన్ సరిగ్గా వాడటం నేర్చుకోండి

ఒక మే నెల సాయంత్రం మా అమ్మాయి మిషన్‌లో 290 వచ్చింది. నాకు కాళ్లు వణికాయి. చూస్తే దాని వేళ్లకు మామిడిరసం జిగురు. సబ్బుతో కడిగి, తుడిచి, మళ్లీ గుచ్చితే 142. ఆ రోజు నుంచి మా ఇంట్లో సబ్బు, పొడి తువ్వాలు మిషన్ పక్కనే ఉంటాయి.

వేలి కొసన కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. రోజుకో వేలు మార్చండి. సూది ఒకరిది ఒకరు వాడకూడదు, ఇంట్లో వాళ్లయినా సరే. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టండి, తేమ తగిలితే నంబర్లు తప్పొస్తాయి.

ఎన్నిసార్లు చూడాలన్నది మందును బట్టి ఉంటుంది. ఇన్సులిన్ మీద ఉంటే రోజూ పలుసార్లు, మాత్రలు మాత్రమే అయితే వారంలో కొన్నిసార్లు సరిపోవచ్చు. మా డాక్టర్ మాకిచ్చిన గురి పరగడుపున 70 నుంచి 110, తిన్న రెండు గంటలకు 140 లోపు, హెచ్‌బీఏ1సీ 7 కంటే తక్కువ. మీ పిల్లకు మీ డాక్టర్ చెప్పిందే గురి. నోట్‌బుక్‌లో నంబర్ పక్కన ఏం తింది, ఏం ఆడింది రెండు మాటలు రాసుకుంటే మందు మార్చేటప్పుడు డాక్టర్‌కు పనికొస్తుంది.

6. మందులు

మెట్‌ఫార్మిన్‌తో మొదలవుతుంది చాలామందికి. తక్కువ మోతాదులో మొదలుపెట్టి, వారాల మీద పెంచుతారు. మొదటి రెండు వారాలు వికారం, విరేచనాలు ఉండొచ్చు. భోజనంతో పాటు వేస్తే తగ్గుతాయి, తగ్గకపోతే నెమ్మదిగా కరిగే రకం మాత్ర అడగండి. చవకైన మందే, జన ఔషధి కేంద్రాల్లో ఇంకా చవక. ఏళ్ల తరబడి వాడితే బి12 పరీక్ష చేయించాలి.

షుగర్ బాగా ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా హెచ్‌బీఏ1సీ 8.5 దాటి లక్షణాలుంటే, మొదట్లోనే ఇన్సులిన్ ఇస్తారు. చాలామందికి అదుపులోకి వచ్చాక తగ్గిస్తారు, కొందరికి ఆపేస్తారు కూడా. ఇన్సులిన్ మొదలైందంటే జబ్బు ముదిరిందని కాదు. వాడని ఇన్సులిన్ పెన్నులను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో వద్దు. కరెంటు పోయే ఊళ్లలో, ఎండాకాలంలో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి నీళ్ల కుండలో ఉంచొచ్చు. ఇవి చాలకపోతే పదేళ్లు దాటిన పిల్లలకు ఇప్పుడు మరికొన్ని మందులు ఉన్నాయి. లిరాగ్లుటైడ్ ఇంజెక్షన్‌కు 2019లో, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రకు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వయసు పిల్లలకు అనుమతి ఇచ్చింది. మీ పిల్లకు పనికొస్తాయో లేదో డాక్టర్‌ను అడగండి.

కాకరకాయ కూర వండండి, తినండి, మంచిదే. కాకర రసం, పొడపత్రి, "నలభై రోజుల్లో షుగర్ మాయం" పొడులు నమ్మి మాత్ర ఆపకండి. బరువు తగ్గి, షుగర్ మామూలుకొచ్చి మందులు తగ్గే పిల్లలు ఉన్నారు. ఆ నిర్ణయం రిపోర్టులు చూసి డాక్టర్ తీసుకోవాలి, ఆ తర్వాతా పరీక్షలు మానకూడదు.

7. షుగర్ పడిపోతే, ఒంట్లో బాగోకపోతే

ఇన్సులిన్ లేదా షుగర్ తగ్గించే కొన్ని రకాల మాత్రల మీద ఉన్న పిల్లలకు షుగర్ 70 కంటే కిందికి పడొచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో ఇది అరుదు. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, కారణం లేని చిరాకు కనిపిస్తే వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర లేదా గ్లూకోజ్ పొడి అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. కోలుకున్నాక భోజనం వేళ కాకపోతే కాస్త తినిపించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

జ్వరం, వాంతులు వచ్చిన రోజు షుగర్ తరచుగా చూడండి, నీళ్లు కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. ఇన్సులిన్‌ను మీ అంతట మీరు ఆపొద్దు. వాంతులు ఆగకపోతే మెట్‌ఫార్మిన్ ఇవ్వాలో వద్దో ఫోన్ చేసి అడగండి. షుగర్ 300 దాటి, కడుపునొప్పి, ఆయాసంతో లోతైన శ్వాస, మగత ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. షుగర్ ఇలా ప్రాణం మీదకు తెచ్చే ప్రమాదం టైప్ 2 పిల్లలకూ ఉంటుంది.

8. స్కూల్లో

క్లాస్ టీచర్‌కు, పీఈటీ సార్‌కు ఒక పేజీ రాసివ్వండి: జబ్బు పేరు, వేసుకునే మందు, షుగర్ పడిపోతే కనిపించే గుర్తులు, అప్పుడు చేయాల్సిన పని, మీ ఫోన్ నంబర్. నీళ్ల సీసాకు, బాత్రూంకు వెళ్లడానికి అడ్డుపెట్టొద్దని అందులోనే రాయండి. మా అమ్మాయిని ఒక స్కూల్లో పదేపదే బాత్రూం అడుగుతోందని క్లాస్ ముందు నిలబెట్టారు. ఆ కాగితం ముందే ఇచ్చి ఉంటే అలా జరిగేది కాదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

డయాబెటిస్ ఉన్న విద్యార్థులు బోర్డు పరీక్ష హాల్లోకి తినేవి తీసుకెళ్లే వీలును సీబీఎస్ఈ 2017లో కల్పించింది. 2025లో స్కూళ్లలో చక్కెర గురించి చెప్పే 'షుగర్ బోర్డులు' పెట్టమని కూడా చెప్పింది. మీది స్టేట్ బోర్డు అయితే ముందుగానే హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పుట్టినరోజు చాక్లెట్లను మా అమ్మాయి థాంక్స్ చెప్పి తీసుకుని తమ్ముడికి తెస్తుంది. ఒక్కోసారి తినేస్తుంది కూడా. ఫర్వాలేదు.

ఇంటర్‌కు హాస్టల్లో వేయాలనుకుంటే మెస్‌లో రోజూ ఏం పెడతారో చూసి, ఆటస్థలం ఉందో లేదో కళ్లతో చూసి, అప్పుడు ఫీజు కట్టండి.

9. ఏడాదికోసారి చేయించాల్సినవి

టైప్ 2లో ఈ పరీక్షలు ఐదేళ్లు ఆగి కాదు, జబ్బు తెలిసినప్పుడే మొదలుపెట్టాలి: కంటి రెటీనా పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో అల్బుమిన్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు, పాదాల పరీక్ష. ఆ తర్వాత ఏటా. బీపీ ప్రతిసారీ చూడాలి, హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి. ఆడపిల్లలకు నెలసరి తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో అడగండి.

మనసు పరీక్షకు రిపోర్టు రాదు. పిల్ల స్నేహితులకు దూరమవుతున్నా, రాత్రిళ్లు దొంగచాటుగా తింటున్నా, "నాకే ఎందుకు" అని తరచూ అంటున్నా అది మొండితనం కాదు. డాక్టర్‌కు చెప్పి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి. మాకు ఆరుసార్లు వెళ్తే గానీ అది గట్టిగా ఏడవలేదు. ఏడ్చాక మాత్రలు పూలకుండీలోకి పోవడం ఆగింది.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక పనులు ఒక్కొక్కటిగా పిల్ల చేతికివ్వండి: ముందు వేలు గుచ్చుకోవడం, తర్వాత నోట్‌బుక్ రాయడం, ఆపై మాత్రల డబ్బా వారానికోసారి నింపుకోవడం. ఇచ్చేశాక కూడా పక్కనే ఉండండి, పూర్తిగా వదిలేస్తే టీనేజ్ పిల్లలు జారిపోతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రోజు రాత్రి మా అమ్మాయి నోట్‌బుక్ చివరి పేజీలో తన ప్రశ్నలు రాసుకుంటుంది. మొన్నటి పేజీలో రెండు ఉన్నాయి: "విహారయాత్రలో మాత్ర ఆలస్యమైతే?", "మెడ నలుపు ఎప్పుడు పోతుంది?" నేను కుర్చీలో కూర్చుని విన్నాను, తనే అడిగింది. ఇన్సులిన్ బాగా పనిచేస్తున్న కొద్దీ నలుపు మెల్లగా తగ్గుతుందనీ, రుద్దితే మాత్రం పోదనీ డాక్టర్ చెప్పారు.